పొడుగు అలసంద: తీగ బాగా పెరిగింది, పూత లేదు. ఇప్పుడు ఏ ఎరువు వేయాలి?

కొత్తపాదు:
అందరికీ నమస్కారం. పొడుగు అలసంద పందిరి మీదికి ఎక్కించాను. తీగలు రెండు మీటర్లు దాటాయి. ఆకులు అరచేయంత, ముదురు ఆకుపచ్చ. చూసినవాళ్లంతా బాగుంది అంటున్నారు. కానీ పూత లేదు. అక్కడొకటి ఇక్కడొకటి మొగ్గ వచ్చినా రాలిపోతోంది. విత్తే ముందు మడిలో కోళ్ల ఎరువు బాగా కలిపాను, మొలకెత్తాక యూరియా రెండు దఫాలుగా ఇచ్చాను. నీళ్లు రోజూ పెడుతున్నాను. పూత రావడానికి ఇంకా ఏం వేయాలో చెప్పగలరా? పొటాష్ వేస్తే సరిపోతుందా, లేక పూత మందు కొట్టాలా? కాస్త టెన్షన్‌గా ఉంది, సీజన్ అయిపోతుందేమోనని.

పందిరితోట:
ఏమీ వేయకండి. మీ మడిలో నత్రజని ఎక్కువైంది. కోళ్ల ఎరువులో పశువుల ఎరువు కంటే నత్రజని చాలా ఎక్కువ, దాని మీద యూరియా కూడా పడింది. నేలలో తేలిగ్గా దొరికే నత్రజని ఉన్నంతకాలం తీగ ఆకు మీదే దృష్టి పెడుతుంది. నీళ్లు కూడా రోజూ వద్దు. పైమట్టి ఆరాక ఇవ్వండి. మట్టి ఆరేలోపు మళ్లీ తడిపితే పూత ఇంకా వెనక్కి పోతుంది.

కొత్తపాదు:
ధన్యవాదాలు. కానీ నత్రజని అన్ని పంటలకూ కావాలి కదా? ఎక్కువైతే కాయలు తగ్గడం ఏమిటి, ఎక్కువే రావాలి అనుకున్నాను.

వేరుమూలం:
ఇది కాస్త వివరంగా చెప్పాల్సిన విషయం. అలసంద అపరాల జాతి. దాని వేళ్ల మీద బుడిపెలు వస్తాయి. వాటిలో బ్రాడీరైజోబియం అనే బ్యాక్టీరియా ఉండి, గాలిలోని నత్రజనిని మొక్క వాడుకునే రూపంలోకి మారుస్తుంది. ఈ పని మొక్కకు ఉచితంగా జరగదు. ఒక్క నత్రజని అణువును విడగొట్టడానికి కనీసం 16 ఏటీపీలు (కణాలు శక్తి కోసం వాడుకునే అణువులు) ఖర్చవుతాయి. అంటే ఆకులు తయారుచేసిన చక్కెరలో మంచి వాటా వేళ్లకు పంపాలి. అదే నేలలో నైట్రేట్ సిద్ధంగా దొరికితే మొక్క ఆ ఖర్చు పెట్టుకోదు. కొత్త బుడిపెలు రానివ్వదు, ఉన్నవాటికి చక్కెర తగ్గిస్తుంది.

అలా నేల నత్రజని మీదే పెరిగిన తీగలో కణుపుల మధ్య దూరం ఎక్కువ, ఆకు పెద్దది, లేత కొమ్మలు గుబురు. లోపలి కొమ్మలకు వెలుతురు అందదు. నీడలో వచ్చిన మొగ్గ నిలవదు. పైగా ఆ లేత రసానికి నల్ల పేనుబంక వచ్చి పడుతుంది. అలసందలో పేనుబంక రసం పీల్చడమే కాదు, మొజాయిక్ వైరస్‌ను మొక్క నుంచి మొక్కకు మోస్తుంది. కాబట్టి నష్టం పూత ఆలస్యంతో ఆగదు.

ఒక పని చేయండి. ఎలాగూ ఒత్తుగా ఉన్న చోట ఒక మొక్కను పీకకుండా, చుట్టూ మట్టితో సహా పారతో తవ్వి తీయండి. నీళ్లలో ముంచి మట్టి కరగనివ్వండి. వేళ్ల మీద గుండ్రటి బుడిపెలు ఎన్ని ఉన్నాయో, కోస్తే లోపల ఏ రంగు ఉందో చెప్పండి. గులాబీ లేదా ఎరుపు అయితే పనిచేస్తున్నట్టు. ఆ రంగు లెగ్‌హిమోగ్లోబిన్ వల్ల వస్తుంది, అది మన రక్తంలోని హిమోగ్లోబిన్ లాంటి పదార్థం. తెల్లగా ఉంటే ఇంకా పని మొదలుకానట్టు, ఆకుపచ్చ లేదా గోధుమ రంగైతే పని అయిపోయినట్టు.

ఇసుకనేల:
బుడిపెలు చూసేటప్పుడు ఒక జాగ్రత్త. వేరుముడి నులిపురుగుల వల్ల కూడా ఉబ్బులు వస్తాయి, అలసందకు అవంటే బాగా లొంగే గుణం ఉంది. మంచి బుడిపె వేరుకు పక్కన అతుక్కున్నట్టు ఉంటుంది, గోటితో గీకితే ఊడి వస్తుంది. నులిపురుగు ముడి అయితే వేరు తానే ఉబ్బి ఉంటుంది, విడిగా ఊడదు, కోస్తే గులాబీ రంగు ఉండదు. నా మడిలో ఒకవైపు మొక్కలు పాలిపోతే అందరూ నత్రజని లోపం అన్నారు. తవ్వి చూస్తే నులిపురుగులు. అక్కడ ఎన్ని బస్తాలు పోసినా పని జరగదు.

సేంద్రియబాట:
అందుకే నేను మొదటినుంచీ అనేది, అపరాలకు రసాయన నత్రజని అక్కర్లేదు. బాగా చివికిన పశువుల ఎరువు చదరపు మీటరుకు కిలో నుంచి రెండు కిలోలు, విత్తనానికి రైజోబియం (ప్యాకెట్లలో దొరికే బుడిపెల బ్యాక్టీరియా) పట్టించడం. అంతే. యూరియా అనే మాటే అవసరం లేదు.

పందిరితోట:
చాలావరకు ఒప్పుకుంటాను, అంతే అనడం మాత్రం ఒప్పుకోను. విత్తాక మొదటి మూడు నాలుగు వారాలు బుడిపెలు సరిగ్గా పనిచేయవు. గింజలో నిల్వ ఉన్నది అయిపోతుంది, బుడిపెలు ఇంకా అందుకోవు. సేంద్రియ పదార్థం బాగున్న నేలలో ఈ మధ్యకాలం తెలియకుండా గడిచిపోతుంది. పేద ఇసుక నేలలో మొక్క పసుపుగా కుంగి, ఆ తర్వాత కోలుకోవడానికి చాలా సమయం తీసుకుంటుంది. అందుకే అలసందకు హెక్టారుకు 20 నుంచి 25 కిలోల నత్రజని మొదట్లోనే ఇవ్వమంటారు. ఇది చిన్న మోతాదు. దీనివల్ల బుడిపెలు ఆగిపోవు.

మిద్దెమొక్క:
హెక్టారు లెక్కలు నాలాంటి వాళ్లకు అర్థం కావు. చిన్న మడికి ఎంతో చెప్పండి.

పందిరితోట:
హెక్టారుకు 10 కిలోలు అంటే చదరపు మీటరుకు 1 గ్రాము. ఈ ఒక్కటి గుర్తుంటే చాలు.

నత్రజని 20 కిలోలు అంటే మీటరుకు 2 గ్రాములు (ఎరువు లెక్కల్లో మీటరు అంటే చదరపు మీటరే). యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది కాబట్టి సుమారు 4 గ్రాముల యూరియా. ఒక చిన్న చెంచాడు. భాస్వరం 50 కిలోలు అంటే మీటరుకు 5 గ్రాములు. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌లో 16 శాతమే కాబట్టి 30 గ్రాముల పైన పడుతుంది. పొటాష్ 30 కిలోలు అంటే 3 గ్రాములు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో 60 శాతం, కాబట్టి 5 గ్రాములు. డీఏపీ (నత్రజని, భాస్వరం రెండూ ఉన్న డై అమ్మోనియం ఫాస్ఫేట్) వాడేవాళ్లకు మీటరుకు 10 గ్రాములు వేస్తే నత్రజని 1.8, భాస్వరం 4.6 గ్రాములు ఒకేసారి వెళ్తాయి, వేరే యూరియా అక్కర్లేదు. ఇవి నేల పరీక్ష లేనప్పుడు వాడే మామూలు అంకెలు. పరీక్ష చేయించినవాళ్లు దాన్నే నమ్మాలి.

చాలామంది యూరియా గుప్పెళ్లతో చల్లుతారు. చెంచాకీ గుప్పెడుకీ మధ్య తేడాయే కొత్తపాదు గారి పందిరి మీద కనిపిస్తున్నది.

వేరుమూలం:
భాస్వరం గురించి ఇంకో మాట. అపరాల పంటలో దాని ప్రాముఖ్యం వేరే. పైన చెప్పిన ఏటీపీ తయారవడానికే భాస్వరం కావాలి. భాస్వరం తక్కువైన నేలలో బుడిపెలు చిన్నవిగా, కొద్దిగా వస్తాయి. అప్పుడు ఆకులు పసుపైతే మనం నత్రజని లోపం అనుకుని యూరియా వేస్తాం, దానితో ఉన్న బుడిపెలు కూడా పోతాయి. అసలు లోపం భాస్వరానిది.

అది నేలలో కదలదు. ఆమ్ల నేలల్లో ఇనుము, అల్యూమినియంతో, సున్నం ఎక్కువున్న నేలల్లో కాల్షియంతో కలిసి చిక్కుకుపోతుంది. కాబట్టి పైన చల్లితే వేరుకు అందేది తక్కువ. విత్తనానికి పక్కగా నాలుగైదు సెంటీమీటర్లు ఎడంగా, కాస్త లోతుగా సాలులో వేయాలి. విత్తనానికి తగలకూడదు. తగిలితే ఉప్పు దెబ్బకు మొలకే చస్తుంది. మరీ ఎక్కువ వేసినా ఇబ్బందే, జింక్ అందకుండా పోతుంది. ఏటా సూపర్ ఫాస్ఫేట్ పడే మడుల్లో ఆకులు చిన్నవై, ఆకు ఈనెలకు మధ్య భాగం పాలిపోతే ఆ సంగతి చూసుకోవాలి.

సేంద్రియబాట:
రైజోబియం ప్యాకెట్ వాడేవాళ్లకు నాదొక మనవి. చల్లారిన బెల్లం నీళ్లతో గింజలకు పట్టించి నీడలో ఆరబెట్టి, అదే రోజు విత్తండి. ఎండలో పెడితే బ్యాక్టీరియా చస్తుంది. శిలీంధ్రనాశిని పట్టించిన గింజలకైతే దాన్ని ముందు పట్టించి, రైజోబియం చివర పట్టించాలి. ప్యాకెట్‌ను రసాయన ఎరువులో కలిపి చల్లడం మాత్రం వద్దు.

తొలకరి:
అసలు ప్యాకెట్ అవసరమేనా? మా నేలలో పెసర, వేరుశనగ ఎప్పటినుంచో వేస్తున్నాం. అలసందకు ఏమీ పట్టించకుండానే బుడిపెలు గుత్తులుగా వస్తున్నాయి.

వేరుమూలం:
మీ నేలలో అవసరం తక్కువే. పెసర, మినుము, వేరుశనగ, అలసంద దాదాపు ఒకే గుంపు బ్యాక్టీరియాతో పొత్తు పెట్టుకుంటాయి. శనగ వేసిన నేల అయితే ఆ లెక్క పనికిరాదు, దాని బ్యాక్టీరియా వేరు. ఎప్పుడూ అపరాలు వేయని నేల, కొత్తగా నింపిన కుండీ, చాలాకాలం నీళ్లు నిలిచిన నేల, వీటికి ప్యాకెట్ తప్పకుండా వాడాలి.

కొత్తపాదు:
తవ్వి చూశాను. వేళ్లు తెల్లగా బాగానే ఉన్నాయి. బుడిపెలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. కోస్తే లోపల తెలుపు, ఒకటి రెండు కాస్త పచ్చగా. నులిపురుగుల ముడులు లేవు. ఇప్పుడు ఏం చేయమంటారు?

వేరుమూలం:
అనుకున్నదే. నేలలో నత్రజని తగ్గేదాకా ఆగాలి. తీగ తనంతట తానే దాన్ని వాడేస్తుంది. తీగల చివర్లు తుంచండి, పక్కకొమ్మలు వస్తాయి, పూతగుత్తులు ఆ కొమ్మల కణుపుల్లో వస్తాయి. లోపల ముదిరిన కింది ఆకులు కొన్ని తీసి గాలి, వెలుతురు ఆడేలా చేయండి. ఎండు ఆకులు, గడ్డి పాదులో పరిస్తే అవి కుళ్లే క్రమంలో సూక్ష్మజీవులు పైమట్టిలో కొంత నత్రజనిని పట్టుకుంటాయి. కొద్ది మేలే, అయినా మంచిదే. నీళ్లు తగ్గించండి, కానీ వాడిపోయేదాకా కాదు. పొటాష్ ఇప్పుడు వేస్తే నష్టం లేదు, దానివల్ల పూత పుట్టుకురాదు.

ఆకుపచ్చ:
అన్నీ ఎరువు నెత్తిన వేయకండి అని నా విన్నపం. అలసందలో కొన్ని రకాలు పగటి నిడివి చూసి పూస్తాయి. పగలు పొడుగ్గా ఉండే నెలల్లో విత్తితే ఎరువు ఎంత పద్ధతిగా ఇచ్చినా ఆకు వేస్తూనే ఉంటాయి, పగలు తగ్గాక ఒక్కసారిగా పూస్తాయి. అలాగే రాత్రులు బాగా వేడిగా ఉంటే పుప్పొడి చెడి మొగ్గలు రాలతాయి. కొత్తపాదు గారూ, మీ రకం ఎప్పుడైనా పూసేదా, కాలం చూసి పూసేదా? విత్తన ప్యాకెట్ మీద ఉంటుంది, చూడండి. మొగ్గ వచ్చి రాలడం, అసలు మొగ్గే రాకపోవడం, ఈ రెండూ వేర్వేరు.

కొత్తపాదు:
ఏ కాలమైనా వేయొచ్చు అని ఉంది. రాత్రులు ఇప్పుడు చల్లగానే ఉన్నాయి.

ఆకుపచ్చ:
అయితే నత్రజని మీదే అనుమానం బలంగా నిలబడుతుంది.

మిద్దెమొక్క:
కుండీల సంగతి చెప్పండి. నాది పెద్ద కుండీ, కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు, మట్టి సమపాళ్లలో. మొదట బాగున్నాయి, కాపు మొదలయ్యాక కింది ఆకుల అంచులు కాలినట్టు ఎండుతున్నాయి. కాయలు వంకరగా, చివర సన్నగా వస్తున్నాయి.

ఇసుకనేల:
ముదురు ఆకుల అంచు ముందుగా ఎండుతోందంటే పొటాష్ వైపు చూడాలి. మొక్క లోపల పొటాష్ కదులుతుంది, కాయలకు పంపడానికి కింది ఆకుల నుంచి లాగేస్తుంది. అయితే కుండీలో ఇంకో కారణం కూడా ఇలాగే కనిపిస్తుంది, ఉప్పు పేరుకోవడం. కుండీ అంచున, మట్టిపైన తెల్లటి పొర ఉందా? ఉంటే ముందు అడుగునుంచి బాగా కారేదాకా మంచినీళ్లు పోసి కడగండి. ఆ తర్వాతే ఎరువు. కుండీలో ఎరువు ఎప్పుడూ పలుచగా, తరచుగా ఇవ్వాలి. నీళ్లలో కరిగే ఎరువైతే లీటరుకు గ్రాము చొప్పున, తడి మట్టి మీదే పోయాలి. ఎండిన మట్టిలో పోస్తే వేరు కాలుతుంది.

కాయ వంకరకు పొటాష్ ఒక్కటే కారణం కాదు. నీళ్లు ఒకరోజు ఎండగట్టి ఒకరోజు ముంచితే అలాగే వస్తుంది. నల్లి, పేనుబంక పిందెను పీల్చినా వస్తుంది.

మిద్దెమొక్క:
తెల్లపొర ఉంది. కడుగుతాను. బూడిద వేయొచ్చా పొటాష్ కోసం?

సేంద్రియబాట:
కట్టెల బూడిదలో పొటాష్, సున్నం రెండూ ఉంటాయి. కొద్దిగా, అదీ మట్టి పులుపుగా ఉన్నప్పుడే. అలసందకు పీహెచ్ (మట్టి పులుపు, క్షారం కొలత) 5.5 నుంచి 6.8 మధ్య బాగుంటుంది. మీ నీళ్లు ఉప్పగా ఉండి, మట్టి ఇప్పటికే క్షారమైతే బూడిదతో ఇనుము అందక కొత్త ఆకులు తెల్లబడతాయి. తెల్లపొర ఉన్న కుండీలో బూడిద వద్దు. ఇంకొకటి, బూడిదనూ యూరియానూ కలిపి వేయకూడదు, నత్రజని అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది.

వేరుమూలం:
మట్టి మరీ పులుపైతే బుడిపెలకూ ఇబ్బందే. నత్రజని మార్చే ఎంజైముకు ఇనుముతో పాటు మాలిబ్డినం కావాలి. ఆమ్ల నేలలో మాలిబ్డినం అందదు. అలాంటి చోట సున్నం వేసి పులుపు తగ్గిస్తే, నత్రజని ఎరువు చిటికెడు కూడా వేయకుండానే ఆకు రంగు మారడం చూశాను. నాకు ఈ పంటలో అన్నిటికంటే తృప్తినిచ్చిన విషయం అదే.

పందిరితోట:
ఇప్పుడు నేను చాలాకాలంగా వాదిస్తున్న విషయం. గింజ కోసం వేసే అలసంద వేరు, పచ్చికాయ కోసం వేసే పొడుగు అలసంద వేరు. మొదటిది కాస్తుంది, పండుతుంది, అయిపోతుంది. రెండోదాన్ని మనం లేతగా కోస్తూ వారాల తరబడి కాయిస్తాం. విత్తిన 50, 60 రోజులకు కోత మొదలైతే ఆ తర్వాత నెల పైనే సాగుతుంది. కాయలు నిండడం మొదలయ్యాక చక్కెర అటే పోతుంది, బుడిపెలకు తగ్గుతుంది. అంటే అవసరం ఎక్కువైన సమయంలోనే బుడిపెల పని మందగిస్తుంది. రెండో మూడో కోత తర్వాత కాయ పొడవు తగ్గడం, తీగ కొస సన్నబడడం మీరంతా చూసే ఉంటారు. అప్పుడు మీటరుకు 4 గ్రాముల యూరియా పైపాటుగా (పంట నడుస్తుండగా పైనుంచి) ఇస్తే తీగ మళ్లీ చిగురిస్తుంది, రెండో కాపు వస్తుంది. మొదట్లో హాని చేసిన ఎరువే ఇక్కడ మేలు చేస్తుంది.

సేంద్రియబాట:
ఆ పని వర్మీకంపోస్టు, వేపపిండి చేయవా? బలంగా ఉన్న నేలలో సేంద్రియ పదార్థం నెమ్మదిగా విడుదల చేస్తూనే ఉంటుంది.

పందిరితోట:
చేస్తాయి, ముందుగా వేస్తే. అవి కరిగి అందడానికి వ్యవధి కావాలి. పూత కనిపించగానే పాదులో వేసి మట్టితో కప్పితే కోతల సమయానికి అందుతాయి. తీగ కుంగాక వేస్తే ఆలస్యం. మీ పద్ధతి తప్పనను, వేసే సమయం ముఖ్యమంటున్నాను.

వేరుమూలం:
ఈ వాదనకు ఒక లెక్క తోడు చేస్తాను. పచ్చి పొడుగు అలసందలో 100 గ్రాములకు ప్రోటీన్ 2.8 గ్రాములు. ప్రోటీన్‌ను 6.25తో భాగిస్తే నత్రజని వస్తుంది. అంటే కిలో కాయలు కోస్తే మడి నుంచి సుమారు 4.5 గ్రాముల నత్రజని బయటికి పోతుంది. అదే కిలోలో పొటాషియం దాదాపు 2.4 గ్రాములు, భాస్వరం 0.6 గ్రాములు మాత్రమే.

నాకు ఇందులో ఆసక్తిగా అనిపించేది పొటాషియం. నత్రజనిలో మంచి భాగం గాలి నుంచి వస్తుంది. భాస్వరం పోయేది తక్కువ. పొటాషియం మాత్రం ప్రతి గ్రామూ నేలలోంచే రావాలి, కోసిన ప్రతిసారీ పోతుంది. అయినా అందరూ యూరియా గురించే అడుగుతారు. కాపు నడుస్తుండగా పైపాటు ఇచ్చేవాళ్లు యూరియాతో పాటు అంతే బరువు మ్యూరేట్ ఆఫ్ పొటాష్ కలిపితే తిరిగి ఇచ్చినట్టవుతుంది. ఉప్పు నేలలోనూ కుండీలోనూ మ్యూరేట్ బదులు సల్ఫేట్ ఆఫ్ పొటాష్ మంచిది, క్లోరైడ్ పేరుకోదు.

తొలకరి:
మేము ఈసారి మూడు వరుసలు పక్కపక్కనే పెట్టి చూశాం. ఒకదానికి పశువుల ఎరువు మాత్రమే. ఒకదానికి దానిపై భాస్వరం, పొటాష్. మూడోదానికి వీటితో పాటు నత్రజని వారం వారం. మూడోది అన్నిటికంటే ఎత్తుగా, పచ్చగా ఉంది, పూత మాత్రం చివరికి వచ్చింది. పేనుబంక మొదట దాని మీదే కనిపించింది. రెండో వరుస ముందుగా కాసింది, కాయలూ ఎక్కువ. మొదటి వరుస కాస్త వెనకబడినా కాయలు నిటారుగా మంచివి వచ్చాయి. ఒక్క సీజన్, ఒక్క నేల, కాబట్టి దీన్నే అందరికీ వర్తింపజేయమనను. ఎవరి మడిలో వాళ్లు ఇలా చేసి చూడాలని మాత్రం గట్టిగా చెబుతాను. కళ్లతో చూసి అంచనా వేయకుండా ప్రతి కోతా తూచి రాయండి. పచ్చదనం చూస్తే మూడో వరుసే గెలిచినట్టుంటుంది, త్రాసు ఇంకోలా చెబుతుంది.

ఇసుకనేల:
చాలా మంచి పని చేశారు. వరుసల మధ్య ఖాళీ వదిలారా? నీళ్లు పారితే ఒక వరుస ఎరువు ఇంకోదానికి చేరుతుంది.

తొలకరి:
మీటరు వదిలాం, గట్టు కూడా వేశాం.

కొత్తపాదు:
అందరికీ చెప్పాలనిపించింది. మీరు చెప్పినట్టు ఎరువు ఆపి, కొసలు తుంచి, నీళ్లు తగ్గించాను. పక్కకొమ్మలు వచ్చాయి, వాటి కణుపుల్లో పూత మొదలైంది. పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటున్నాయి. కొన్ని జంట పిందెలు నిలిచాయి. చాలా సంతోషంగా ఉంది. రెండు ప్రశ్నలు. డీఏపీ నీళ్లు పూత మీద కొట్టమంటున్నారు, కొట్టొచ్చా? పైపాటు ఎప్పుడు ఇవ్వాలి?

పందిరితోట:
శుభం. డీఏపీ రెండు శాతం పిచికారీ అపరాలకు పూత దశలో మామూలుగా చెప్పేదే. లీటరుకు 20 గ్రాములు. ముందురోజు రాత్రి కొద్ది నీళ్లలో నానబెట్టి, పొద్దున పైతేట వడకట్టి మిగతా నీళ్లు కలుపుతారు. పూత మొదట్లో ఒకసారి, 15 రోజులకు ఇంకోసారి. సాయంత్రం పూట కొట్టాలి, ఎండలో కొడితే ఆకు మాడుతుంది. ఇది నత్రజని, భాస్వరం చాలని మడికి. మీ మడికి ఇప్పుడు అవసరం లేదు.

వేరుమూలం:
పైపాటుకు తేదీ పెట్టుకోకండి. నిలిచిన పిందె పది పన్నెండు రోజుల్లో కోతకు వస్తుంది. గింజ ఉబ్బకముందే కోయండి. ముదిరిన కాయలు తీగ మీద వదిలితే కొత్త పూత తగ్గుతుంది, ఏ ఎరువూ దాన్ని సరిచేయలేదు. రెండు మూడు కోతలయ్యాక కొస చిగుళ్లు సన్నబడి, కింది ఆకులు పాలిపోవడం మొదలైతే అప్పుడు మీటరుకు 4 గ్రాముల యూరియా, అంతే పొటాష్, కాండానికి జానెడు దూరంగా వేసి మట్టి కప్పి తడి పెట్టండి. ఆకులు ఇంకా ముదురు పచ్చగానే ఉంటే యూరియా మానేసి పొటాష్ ఒక్కటే ఇవ్వండి.

కొత్తపాదు:
సరే అండీ. కోత మొదలవగానే బరువులు రాసి ఇక్కడ పెడతాను. తీసేసిన చోట మళ్లీ విత్తుతున్నాను, అక్కడ ఈసారి రైజోబియం పట్టించి, సూపర్ ఫాస్ఫేట్ పక్కసాలులో వేసి, యూరియా లేకుండా.

సేంద్రియబాట:
ఆ చోట కోళ్ల ఎరువు ఇంకా మిగిలే ఉంటుంది కదా, వెంటనే వద్దు. ముందు ఒకసారి తోటకూరో మొక్కజొన్నో వేసి ఆ నత్రజనిని లాగనివ్వండి. ఆ తర్వాత అలసంద విత్తండి.